మూడు పౌండ్లకో ముత్తాత

*పుట్టుక, పెళ్లి, చావు... ఇంగ్లండులో 1837 నుంచి ప్రతిదానికీ ఒక వరస ఉంది. ఆ వరస పట్టుకుని పోయినవాళ్లను వెతికి పట్టుకుంటున్నారు వారసులు. మన బ్రౌన్ దొర ఆఖరి కాగితం కూడా ఆ దారిలోనే ఉంది.*

1952. లండన్‌లో థేమ్స్ ఒడ్డున సోమర్సెట్ హౌస్. ఇంగ్లండు, వేల్స్‌లలో పుట్టినవాళ్లు, పెళ్లాడినవాళ్లు, పోయినవాళ్లు అందరి పేర్లూ బైండు పుస్తకాల్లో అక్షరక్రమంలో ఉండే భవనం అది. ఆ పుస్తకాల్లో ఒక మనిషి పుట్టుక కోసం వెతుకులాట సాగింది. వెతికించింది బ్రిటన్ గూఢచారి సంస్థ ఎంఐ5. అడిగింది అమెరికా. వెతికిన పేరు చార్లీ చాప్లిన్.

తాను 1889 ఏప్రిల్ 16న లండన్‌లో పుట్టానని చాప్లిన్ ఎప్పుడూ చెప్పుకునేవాడు. ఆ ఏడాది పుస్తకాల్లో ఆ పేరు కనపడలేదు. అతని అసలు పేరు ఇజ్రాయెల్ థార్న్‌స్టైన్ అని అమెరికా వాళ్లకో అనుమానం. ఆ పేరుతోనూ చూశారు. అదీ లేదు. అయితే ఇతను ఈ దేశంలో పుట్టి ఉండడు, లేదా పుట్టినప్పటి పేరు వేరై ఉంటుంది అని రాసి ఫైలు మూసేశారు. 2012లో బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఆ ఫైలును బయటపెట్టింది. మీసకట్టూ చేతికర్రా చూసి లోకమంతా గుర్తుపట్టే మనిషి, సర్కారు లెక్కలో మాత్రం పుట్టనే లేదు!

చాప్లిన్‌కు దక్కని ఆ ఒక్క వరస అదే లండన్‌లో బొగ్గు మోసినవాడికి, బట్టలుతికిన ఆవిడకు, పుట్టిన మూడోనాడే కన్నుమూసిన పసిగుడ్డుకు దక్కింది. ఈ కథ అసలు వాళ్లది.

మన దగ్గర కొంతకాలంగా బర్త్ సర్టిఫికెట్ మాటెత్తితే ఇంటిల్లిపాదీ బీరువాలు వెతుకుతున్నారు. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో, ఆ రోజు నుంచి పుట్టే పిల్లలకు బడి మొదలు పాస్‌పోర్టు దాకా అదే ఆధారమైంది. 2025లో బీహార్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ ఆ కాగితం చుట్టూ మరింత చర్చ లేపింది. మనకది పని పడితే గుర్తొచ్చే కాగితం. ఇంగ్లండులో ఏ పనీ లేకపోయినా, ఎప్పుడో పోయిన ముత్తాతది కూడా డబ్బు కట్టి తెప్పించుకుంటారు. ఈ ముచ్చట పాతదే. 2004లో బీబీసీలో 'హూ డు యు థింక్ యు ఆర్' మొదలై, ప్రముఖులు తమ తాతల రికార్డులు చూసి కెమెరా ముందే కళ్లనీళ్లు పెట్టుకోవడంతో అది ఇంటింటి వ్యాపకమైంది.

చిరునామా మాత్రమే

1837 జులై 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో జననమరణాల నమోదు ప్రభుత్వం చేతికి వచ్చింది. అంతకుముందు ఆ లెక్క చర్చిది. బాప్తిజం, పెళ్లి, సమాధి ఇవే రికార్డులు. రాజమత చర్చికి వెళ్లని క్రైస్తవులకు ఆస్తి తగాదా వస్తే పుట్టుకకు గట్టి రుజువుండేది కాదు. కొత్త పద్ధతిలో స్థానిక రిజిస్ట్రారు తన పుస్తకంలో రాసుకుని, మూణ్నెల్లకోసారి నకళ్లు లండన్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు పంపాలి. జీఆర్‌ఓ అని పిలిచే ఆ ఆఫీసు, దేశం మొత్తానికి మూడు నెలలకో సూచిక తయారుచేసేది.

ఆ సూచికలో ఏముంటుంది? ఇంటిపేరు, పేరు, జిల్లా, సంపుటి, పేజీ. తొలినాళ్లలో అంతే. అమ్మానాన్నల పేర్లు, ఇంటి చిరునామా, మరణ కారణం ఏవీ అందులో ఉండవు. అవన్నీ సర్టిఫికెట్‌లో ఉంటాయి. సూచికలో దొరికిన సంపుటి, పేజీ అంకెలు రాసి పంపితే జీఆర్‌ఓ సర్టిఫికెట్ ఇస్తుంది. కొత్తగా దిగినవాళ్లు ఇక్కడే తొందరపడతారు. సూచికలో తాత పేరు కనపడగానే తాత దొరికాడనుకుంటారు. అదే పేరుతో అదే జిల్లాలో ఇంకో ఇద్దరుంటే?

1970ల నుంచి 1997 దాకా ఈ పుస్తకాలు లండన్ కింగ్స్‌వేలోని సెయింట్ కేథరిన్స్ హౌస్‌లో ఉండేవి. జననాలకు ఎర్ర అట్ట, పెళ్లిళ్లకు ఆకుపచ్చ, మరణాలకు నలుపు. ఏడాదికి నాలుగు త్రైమాసికాలు, ఒక్కో త్రైమాసికానికి ఎన్నో సంపుటాలు. ఒక్కోటి రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. అరలోంచి లాగి, ఏటవాలు బల్ల మీద పడేసి, వేలు పెట్టి చూసుకుని, మళ్లీ ఎత్తి అరలో పెట్టి, పక్కది అందుకోవాలి. ఈలోగా దాన్ని ఇంకొకరు పట్టుకుపోతారు. పుట్టిన ఏడాది సరిగ్గా తెలియకపోతే, అయిదేళ్ల వెతుకులాటకు ఇరవై త్రైమాసికాలు మోయాలి. భుజాలు పడిపోయేవి.

ఆ బరువు దించినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఫ్రీబీఎండీ స్వచ్ఛంద కార్యకర్తలను. 1998 నుంచి పాత సూచికల పేజీలు చూసి, ఇళ్లలో కూర్చుని టైపు చేసి, ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా పెట్టారు. జీఆర్‌ఓ సొంతంగా కొత్త సూచికను ఆన్‌లైన్‌లో పెట్టింది 2016లో. ప్రభుత్వం కంటే ఈ కార్యకర్తలు ముందున్నారనడం అతిశయోక్తి కాదు.

---
వెతికేవాళ్లు మరిచిపోకూడనివి

▪ సూచికలో ఉండేది నమోదైన త్రైమాసికం, పుట్టిన త్రైమాసికం కాదు. జననం నమోదుకు 42 రోజుల గడువు. డిసెంబరులో పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో కనపడవచ్చు.
▪ మరణాల సూచికలో వయసు వేయడం 1866లో మొదలైంది. జననాల సూచికలో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి, పెళ్లిళ్ల సూచికలో జీవిత భాగస్వామి ఇంటిపేరు 1912 మార్చి త్రైమాసికం నుంచి ఉన్నాయి.
▪ జీఆర్‌ఓ కొత్త సూచికలో మాత్రం తల్లి పుట్టింటి పేరూ, మరణించినవారి వయసూ 1837 నుంచే దొరుకుతాయి.
▪ సంపుటి, పేజీ అంకెలు జీఆర్‌ఓకే పనికొస్తాయి. అసలు పుస్తకం ఉన్న స్థానిక ఆఫీసులో ఆ అంకెలకు అర్థం లేదు.
▪ స్కాట్లండ్ లెక్క వేరు. నమోదు 1855లో మొదలైంది. అక్కడి మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి.
---

బ్రౌన్ దొర కోసం

మనకు బాగా తెలిసిన మనిషితోనే చూద్దాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. వేమనను వెతికి అచ్చు వేయించిన, తెలుగుకు నిఘంటువు కట్టిన, కడప వాళ్లు ఇప్పటికీ తమవాడనుకునే బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టి, 1884 డిసెంబరు 12న లండన్‌లో పోయాడు.

పుట్టుక ఇంగ్లండు సూచికలో ఉండదు. పుట్టింది కలకత్తాలో, అదీ ప్రభుత్వ నమోదు మొదలవడానికి దాదాపు ముప్పై తొమ్మిదేళ్ల ముందు. ఈస్టిండియా కంపెనీ రాజ్యంలో తెల్లవాళ్ల బాప్తిజం, పెళ్లి, ఖననం లెక్కలను చర్చి అధికారులు లండన్‌కు పంపేవారు. బెంగాల్ లెక్కలు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్1 వరసలో, మద్రాసువి ఎన్2 వరసలో ఉన్నాయి. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో పుట్టి, పెరిగి, పోయిన దొరల వారసులు మొదట తట్టే తలుపు ఈ ఎన్2.

మరణం మాత్రం జీఆర్‌ఓలో వెతకాలి. చావు కబురు అయిదు రోజుల్లో రిజిస్ట్రారుకు చేరాలన్నది నియమం. కాబట్టి మొదట చూడాల్సింది 1884 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికం. చిక్కల్లా బ్రౌన్ అనే ఇంటిపేరుతోనే. అక్కడ ఆ పేరు పేజీలకు పేజీలు సాగుతుంది. చార్లెస్‌లకూ కొదవ లేదు. వడపోతకు మూడే ఆధారాలు: రెండో పేరు ఫిలిప్, వయసు 86, జిల్లా లండన్‌లోది. మూడూ కలిసిన వరస దొరికితే సంపుటి, పేజీ రాసుకుని ఆర్డరు పెట్టుకోవాలి. కాగితం వచ్చాక వృత్తి గడి చూడాలి. అక్కడ మద్రాసు సివిల్ సర్వీసు ప్రస్తావన ఉంటే మనవాడే.

ఇంత చదివాక, తేదీ ముందే తెలిసిన చావుకు మళ్లీ ఈ కాగితం ఎందుకని అడగొచ్చు. ఏ రోగంతో పోయాడన్నది ఒక కారణం. అంతకంటే, ఆ పత్రంలో కబురు చెప్పినవారి గడి ఒకటుంటుంది. చావును నమోదు చేయించినది ఎవరు, పోయినవారికి ఏమవుతారు, ఎక్కడ ఉంటారు, కడసారి దగ్గర ఉన్నారా, అన్నీ వాళ్ల సంతకంతో సహా అందులో రాస్తారు. బంధువు కావచ్చు, ఇంటి యజమాని కావచ్చు, కూలికి పెట్టుకున్న దాది కావచ్చు. బ్రౌన్ పెళ్లి చేసుకోలేదు. ఉన్నదంతా తెలుగు పుస్తకాల మీద పెట్టి అప్పులపాలైన మనిషి. ఆయన పోయిన రోజున పక్కన ఎవరున్నారో చెప్పగలిగే గడి అది. నా మట్టుకు ఆ ఒక్క గడి కోసమైనా మూడు పౌండ్లు పెట్టొచ్చు. అవును, మన డబ్బులో మూడు నాలుగు వందలు. 1837 నుంచి 1887 దాకా మరణాల పేజీలను జీఆర్‌ఓ డిజిటల్ బొమ్మలుగా అమ్ముతోంది. 1884 ఆ హద్దులోనే ఉంది.

---
ఎంతవుతుంది?

▪ డిజిటల్ బొమ్మ: 3 పౌండ్లు. వందేళ్లు దాటిన జననాలకు, 1887 దాకా మరణాలకు. ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.
▪ పీడీఎఫ్ నకలు: 8 పౌండ్లు. ఈమెయిల్‌కు వస్తుంది. మరణాలకైతే 1957 దాకా.
▪ అచ్చు సర్టిఫికెట్: 12.50 పౌండ్లు. పెళ్లిళ్లకు ఇదొక్కటే మార్గం.
▪ కోర్టులోనో ఆఫీసులోనో చెల్లేది చివరిదే. మొదటి రెండూ వంశచరిత్ర కోసమే.
---

ఉండి, పోయిన పిల్లలు

కొత్త సూచిక వచ్చాక వంశచరిత్రలో పెద్ద మార్పు పిల్లల విషయంలో వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో దాదాపు 150 మంది ఏడాది తిరక్కుండానే పోయేవారు. జనాభా లెక్క పదేళ్లకోసారి. ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్య పుట్టి, ఆ మధ్యలోనే పోయిన బిడ్డ ఏ లెక్కలోనూ ఉండదు. ఇంట్లో వాళ్లు చెప్పుకోరు. రెండు తరాలు గడిస్తే అసలు పుట్టినట్టే ఎవరికీ తెలియదు.

1911 జనాభా లెక్కలో పెళ్లయిన ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. మొత్తం ఎందరు పుట్టారు, ఎందరున్నారు, ఎందరు పోయారు? ఒక ముత్తమ్మమ్మ 'ఏడుగురు, నలుగురు, ముగ్గురు' అని చెప్పిందనుకుందాం. ఆ ముగ్గురి పేర్లేమిటి? మునుపు ఇది తేలేది కాదు. ఇప్పుడు తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, జిల్లా పెట్టి వెతికితే ఆ దంపతుల పిల్లలు వరసగా బయటికొస్తారు. తెలిసిన నలుగురిని తీసేస్తే మిగిలినవాళ్లే ఆ ముగ్గురు. మరణాల సూచికలో అవే పేర్లు, చిన్న వయసుతో. ఇక్కడో మెలిక ఉంది. ఆన్‌లైన్ సూచికలో నెలలు కొన్నిచోట్ల ఏళ్లుగా పడ్డాయి. ఆరు నెలల బిడ్డ ఆరేళ్ల పిల్లవాడిగా కనపడొచ్చు. అసలు పేజీ తెప్పించుకుంటేనే తేలేది.

పోయిన బిడ్డ పేరే తరవాత పుట్టిన బిడ్డకు పెట్టడం అక్కడా ఉంది. మన ఇళ్లలోనూ ఎరిగిన సంగతే. అలాంటి ఇంట్లో తాత జనన పత్రమని తెప్పించుకుంటే, అది తాతకు ముందు పుట్టి పోయిన అన్నది కావచ్చు.

కాగితం వచ్చాక గడిగడికీ ఏదో ఒకటి తగులుతుంది. జనన పత్రంలో పుట్టిన గంట రాసి ఉంటే కవలలై ఉండొచ్చు. ఇంగ్లండులో మామూలుగా గంట రాయరు. తండ్రి గడి ఖాళీగా ఉంటే తల్లికి పెళ్లి కాలేదన్నమాట. సంతకం చోట ఇంటూ గుర్తు ఉంటే, చదువు రాని అమ్మ రిజిస్ట్రారు ముందు కలం పట్టి గీసిన గీతకు నకలు అది. పేదల వసతి గృహం వర్క్‌హౌస్‌లో పుట్టిన పిల్లలకు ఆ మచ్చ జీవితాంతం ఉండకూడదని, 1904 నుంచి ఆ పేరు బదులు వీధి చిరునామా వేయమన్నారు. ఆ ఆదేశం ఇచ్చిన అధికారికి దణ్ణం పెట్టాలి. వెతికేవాళ్లకు మాత్రం అదో తలనొప్పి.

అమ్మకు చోటు 2021లో

పెళ్లి సర్టిఫికెట్‌లో వరుడి తండ్రి పేరు, ఆయన వృత్తి ఉంటాయి. వధువు తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. తల్లి? మొన్నమొన్నటి దాకా ఇద్దరికీ లేదు. నూటఎనభై ఏళ్లకు పైగా ఇంగ్లండు, వేల్స్‌లలో ఏ పెళ్లి రికార్డులోనూ తల్లి పేరుకు గడి ఉండేది కాదు. 2019లో చట్టం చేసి, 2021 మే 4 నుంచి చేర్చారు. విక్టోరియా రాణి పట్టానికొచ్చిన ఏడాది మొదలైన ఫారం ఇంకో రాణి పాలన చివర్లో మారింది. పైగా పాత పత్రాల్లో చాలాచోట్ల వయసు గడిలో అంకె ఉండదు, 'మేజర్' అన్న అర్థంలో ఒక మాట రాసి వదిలేసేవారు. ఇరవై రెండా, నలభయ్యా? తల్లి పేరు, వయసు రెండూ లేకపోతే వెనకతరానికి వెళ్లే తోవ సగం మూసుకుపోయినట్టే.

పాడుబుద్ధికి పనికొచ్చిన పుస్తకం

అందరికీ తెరిచిన పుస్తకం దొంగకూ తెరిచే ఉంటుంది. చిన్నప్పుడే పోయిన బిడ్డ జనన పత్రం తెప్పించి, ఆ పేరుతో పాస్‌పోర్టు సంపాదించే ఎత్తు ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971 నవల 'ది డే ఆఫ్ ది జాకాల్'తో లోకానికి తెలిసింది. చిత్రమేమంటే దాన్ని పోలీసులే వాడారు. ఉద్యమ సంఘాల్లోకి మారుపేర్లతో చొరబడిన లండన్ పోలీసు రహస్య విభాగం అధికారులు, సెయింట్ కేథరిన్స్ హౌస్‌కు వెళ్లి తమ ఈడు పిల్లల్లో చిన్నతనంలోనే పోయినవాళ్లను సూచికల్లో వెతికి, ఆ పేర్లు తగిలించుకున్నారు. 2013లో ఇది బయటపడ్డాక మెట్రోపాలిటన్ పోలీసులు క్షమాపణ చెప్పారు. తమ బిడ్డ పేరుతో ఒక పోలీసు ఏళ్ల తరబడి తిరిగాడని ఆ కన్నవాళ్లకు తెలిసింది దశాబ్దాల తరవాత.

అదే పుస్తకం ఇంకొకరికి ప్రాణం లేచొచ్చినట్టు చేసింది. ఇంగ్లండు, వేల్స్‌లలో దత్తత వెళ్లినవాళ్లకు పెద్దయ్యాక తమ తొలి జనన పత్రం చూసుకునే హక్కు 1975 చట్టంతో వచ్చింది. అందులో ఉన్న తల్లి పేరు పట్టుకుని పెళ్లిళ్ల సూచికలోకి, అక్కడినుంచి ఆమె కొత్త ఇంటిపేరుకు, అలా కన్నతల్లి గుమ్మం దాకా వెళ్లినవాళ్లు ఎందరో.

ఈ లెక్కలు ప్రజారోగ్యానికీ పనికొచ్చాయి. 1854లో లండన్ సోహోలో కలరా మూలం నీటి పంపు అని పట్టిన డాక్టర్ జాన్ స్నో బయల్దేరింది కూడా జీఆర్‌ఓ నుంచి తీసుకున్న 83 మరణాల జాబితాతోనే.

---
నటాల్ నుంచి మన పల్లెకు

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే. తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రతి కూలీకి ఒక అంకె ఇచ్చారు. పెళ్లి, జనన పత్రాల్లో ఆ అంకె తగులుతుంది. దాంతో ఓడ జాబితా తెరిస్తే తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ దాకా ఉంటాయి. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు ఉత్తరాంధ్రలో తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేది ఈ దారినే. ఊరి పేరును దొరల చెవికి వినపడినట్టు రాశారు కనుక, పైకి చదువుకుంటేనే తెలుస్తుంది.
---

మరి మన పుస్తకాలు?

మన దగ్గర రిజిస్టర్లు లేవనుకోవడం పొరపాటు. మద్రాసు ప్రెసిడెన్సీలో జననమరణాల నమోదుకు 1899లోనే చట్టముంది. పల్లెల్లో మునసబు దగ్గర ఆ పుస్తకం ఉండేది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థ రద్దు చేశాక అది చేతులు మారుతూ వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. మనకు లేనిది సూచిక. ఇంగ్లండులో దేశానికంతటికీ ఒకే వరస. మనకు ఏ ఊరి పుస్తకం ఆ ఊళ్లోనే. ఊరు తెలియకపోతే ఎక్కడని వెతకడం? దానికితోడు పేరు పెట్టకముందే నమోదు చేయించడం మన అలవాటు. ఇంగ్లండు పాత పెళ్లి పత్రాల్లో అమ్మ పేరు లేదు. మన జనన రిజిస్టర్లలో అమ్మానాన్నల పేర్లుండి బిడ్డ పేరే ఖాళీగా ఉన్న వరసలు కోకొల్లలు.

అయినా హక్కుంది. 1969 చట్టం సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టరులో ఒక నమోదును వెతికించుకోవచ్చు, దాని నకలు అడగొచ్చు. బంధుత్వం రుజువు చేయాలన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. మరణ పత్రంలో కారణం మాత్రం చెప్పరు. ఈ హక్కును ఆస్తి పంపకాలకు, బీమా డబ్బులకు వాడుతున్నాం. తాతమ్మ పేరు తెలుసుకోవడానికి వాడినవాళ్లు అరుదు.

అడిగే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. నమోదు జరిగేది కాపురమున్న ఊళ్లో కాదు, పుట్టిన చోట. మన ఇళ్లలో తొలి పురుడు పుట్టింట్లోనే. కాబట్టి నాన్న పుట్టుక కోసం తాతగారి ఊరి పంచాయతీకి వెళితే లేదనే అంటారు. నాయనమ్మ పుట్టింటి ఊరు వెళ్లాలి. ఆ ఊరు ఏదో, ఏ ఏడాదో, ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.